కన్యాశుల్కంలో రెండు వేషాలు: పెళ్లికూతురైన శిష్యుడు, మగవాడైన మధురవాణి

కన్యాశుల్కం నాటకాన్ని మళ్లీ ప్రదర్శించినప్పుడో, తరగతిలో పాఠంగా చెప్పవలసి వచ్చినప్పుడో ఈ మధ్య తరచుగా వినిపించే వ్యాఖ్య ఒకటుంది: గురజాడ అప్పారావు ఇందులో స్త్రీపురుషుల పాత్రలను తారుమారు చేశాడని. మాట నిజమే. ఇందులో ఒక మగపిల్లవాడు పెళ్లికూతురై పీటల మీద కూర్చుంటాడు. మధురవాణి అనే వేశ్య మగవేషం వేసుకుని వకీలు ఇంటికి వెళ్తుంది. ఊరి పెద్దమనుషులను తన చెప్పుచేతల్లో ఆడించేది కూడా ఆ వేశ్యే. అయితే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘జెండర్ తారుమారు’ అని పేరు పెట్టేయడంతో చర్చ చిక్కుపడుతోంది. మధురవాణి పాత్రనే ఒకప్పుడు మగనటులు ధరించేవారన్న సంగతి కూడా దీనికి తోడయ్యేసరికి ఎవరు ఎవరి వేషం వేశారో, అందులో ఏది నాటకం చెప్పిన మాటో, ఏది ఆనాటి రంగస్థలపు అలవాటో తెలియకుండా పోతోంది. విడదీసి చూస్తే ఈ నాటకం మరింత పదునుగా కనిపిస్తుంది.

మూడు వేరువేరు సంగతులు

మొదటిది, కథలోని మారువేషం. ఒక పాత్ర, తోటి పాత్రలను నమ్మించడానికి, వేరే జెండర్ దుస్తులు వేసుకుంటుంది. ప్రేక్షకులకు అసలు సంగతి తెలుసు; కథలోని వాళ్లకు తెలియదు. నవ్వు పుట్టేది ఈ తేడాలోనుంచే.

రెండవది, నటుడి వేషం. స్త్రీ పాత్రను పురుషుడు గానీ, పురుష పాత్రను స్త్రీ గానీ ధరించడం. దీనిలో మోసం లేదు. నటుడు మగవాడని ప్రేక్షకుడికి తెలుసు, తెలిసే అతడిని సత్యభామగా ఒప్పుకుంటాడు. కథలో దీని ప్రస్తావనే రాదు.

మూడవది, దుస్తులతో నిమిత్తం లేని తారుమారు. నిర్ణయం, బేరం, బెదిరింపు, క్షమాపణ వంటి అధికార చిహ్నాలు మగవాడి చేతిలో ఉండాలని సమాజం అనుకునే చోట అవి స్త్రీ చేతికి వస్తాయి. చీర కట్టుకున్న మనిషి చీరలోనే ఉంటుంది, ఎదుటివాడి స్థానం మాత్రం మారిపోతుంది.

ఈ మూడూ ఒకే నాటకంలో ఉండవచ్చు, ఒకే రంగంలో కూడా ఉండవచ్చు. కన్యాశుల్కం విశేషం సరిగ్గా అదే. కానీ ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి ఉన్నట్టు కాదు. మగవాడు చీర కట్టుకోగానే స్త్రీకి అధికారం వచ్చేయదు. సాధారణంగా ఎగతాళి మాత్రమే వస్తుంది.

డబ్బు దిశ మారినంత మాత్రాన

వేషాల దగ్గరికి వెళ్లే ముందు నాటకానికి పేరిచ్చిన ఆచారాన్ని స్పష్టం చేసుకోవాలి, ఎందుకంటే నేటి పాఠకులకు మొదటి తికమక ఇక్కడే ఎదురవుతుంది. ఇప్పుడు మనకు అలవాటైన కట్నంలో డబ్బు ఆడపిల్ల ఇంటినుంచి మగపెళ్లివారికి చేరుతుంది. కన్యాశుల్కంలో వరుడు లేదా అతని తరఫువారు పిల్ల తండ్రికి డబ్బిస్తారు. కట్నం స్త్రీని చిన్నబుచ్చే ఆచారమైతే దానికి ఎదురుగా నడిచే ఆచారం స్త్రీకి విలువ ఇచ్చినట్టు కదా అని ఒక వాదం వినిపిస్తుంది. పైపైన చూస్తే సబబుగానే తోస్తుంది కూడా.

గురజాడ 1897 నాటి తొలి ముద్రణకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఉన్న అంకెలు ఈ వాదాన్ని నిలవనివ్వవు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితాను సేకరింపజేశాడు. లెక్కకు వచ్చినవి 1,034. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనుకాడతారు కాబట్టి ఇది పూర్తి జాబితా కాదని గురజాడే అంటాడు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కూడితే 188. అంటే అమ్ముడైన ప్రతి వందమందిలో పద్ధెనిమిది మందికి అయిదేళ్లు దాటలేదు. ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ధర పలికింది నిజమే, కానీ ఆ ధర పిల్ల చేతికి రాలేదు, పిల్ల మాటకు విలువా తేలేదు. డబ్బు ఏ దిశగా నడిచినా బేరం ఇద్దరు మగవాళ్ల మధ్యనే జరిగింది. కాబట్టి కన్యాశుల్కం కట్నానికి తిరగవేసిన రూపం అనవచ్చు గానీ, స్త్రీపురుషుల స్థానాలను తిరగవేసిన ఆచారం అనడానికి వీల్లేదు. నాటకంలో అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి లుబ్ధావధానులుకు 1,800 రూపాయలకు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. పిల్ల తల్లి వెంకమ్మ అడ్డు చెప్పి, కేకలు విని, చివరకు నూతిలో దూకుతుంది. భార్య నూతిలో దూకినా అగ్నిహోత్రావధానులు బేరం మార్చుకోడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే చిన్నవయసు వితంతువై ఆ ఇంట్లోనే ఉంది. అంటే ఇటువంటి పెళ్లి ఎక్కడికి దారితీస్తుందో ఆ తండ్రి కళ్లెదుటే ఉంది.

పీటల మీద శిష్యుడు

వెంకమ్మ అన్నదమ్ముడు కరటకశాస్త్రి ఈ పెళ్లి తప్పిస్తానని మాట ఇస్తాడు. వాదించి లాభం లేదని అతనికి తెలుసు. లుబ్ధావధానులుకు కావలసింది పిల్ల, అదీ చవగ్గా, త్వరగా. కాబట్టి మరో పిల్లను చూపిస్తే సుబ్బి బేరం దానంతటదే పోతుంది. ఆ మరో పిల్ల ఎక్కడుంది? పక్కనే ఉంది. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, తాను గుంటూరు శాస్త్రినని చెప్పుకుని, ‘కూతురి’ని అమ్మకానికి తీసుకువెళ్తాడు. మధ్యవర్తిగా రామప్పంతులు దిగుతాడు. అప్పటికి అతని పంచన ఉన్న మధురవాణి సంగతి తెలిసే సాయం చేస్తుంది, పెళ్లికూతురికి తన కంటె కూడా ఎరువిస్తుంది. మంత్రాలతో, పురోహితుడితో, తాళితో పెళ్లి జరిగిపోతుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆడవేషం అనగానే మన నాటకాల్లో, సినిమాల్లో అలవాటైన హాస్యం ఒకటుంది: మీసం దాచుకోలేని మగవాడు, జారిపోయే కొంగు, గొంతు మార్చడంలో తడబాటు. వేషం వేసినవాడే నవ్వుకు గురి. కన్యాశుల్కంలో అలా కాదు. మహేశం వేషం చక్కగా కుదురుతుంది, ఎవరూ పోల్చుకోరు. నవ్వుకు గురయ్యేది కొన్నవాళ్లు. పెళ్లిచూపులు, జాతకాలు, గోత్రాలు, మంత్రాలు, ఇన్ని జల్లెడలు పట్టిన వ్యవస్థ తన ముందున్నది ఆడపిల్లో మగపిల్లవాడో కూడా తెలుసుకోలేకపోయింది. ఎందుకు తెలుసుకోలేకపోయింది? చూడనవసరం లేదు కనుక. ధర కుదిరింది, వయసు కుదిరింది, తండ్రి అనేవాడు ఒకడున్నాడు. పెళ్లికూతురి స్థానంలో ఆ చీరలో ఎవరున్నా ఆ వ్యవహారానికి ఒకటే. గురజాడ వేసిన దెబ్బ ఇదని నా అభిప్రాయం. మనిషిని కొంటున్నామని చెప్పుకునేవాడు నిజానికి మనిషి వైపు చూడనే లేదు.

ఈ ఎత్తుకు రెండో పార్శ్వం ఒకటుంది, దానిని చర్చల్లో తక్కువగా తలుస్తారు. ఈ పని చక్కబెట్టుకొస్తే తన కూతురినిచ్చి పెళ్లి చేస్తానని కరటకశాస్త్రి శిష్యుడికి ఆశ చూపుతాడు. ఒక ఆడపిల్ల అమ్మకాన్ని ఆపడానికి వేసిన ఎత్తుకు కూలి మరో ఆడపిల్ల. ఆ పిల్లను ఎవరూ అడగలేదు. అగ్నిహోత్రావధానులు దుర్మార్గుడు, కరటకశాస్త్రి మంచివాడు అనుకుని సుఖంగా నవ్వుతున్న ప్రేక్షకుడికి గురజాడ ఈ మాటను వ్యాఖ్యానం లేకుండా వదిలిపెడతాడు.

శవం లేని హత్య

పెళ్లయ్యాక మహేశం సమయం చూసి పారిపోతాడు. పెళ్లికూతురు మాయమైంది. ఆ తర్వాత రామచంద్రపురంలో పుట్టే వ్యాఖ్యానాలు ఒకదాన్ని మించి ఒకటి. పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో పెట్టి బిగించానంటాడు. రామప్పంతులు తన లాభం చూసుకుని, ముసలివాడే పిల్లను చంపాడన్న ఆరోపణకు ఊపిరి పోస్తాడు. పోలీసులు దిగుతారు, సాక్షుల తయారీ మొదలవుతుంది, కేసు విశాఖపట్నం చేరుతుంది.

వేషం కథలో ఎంత పని చేస్తోందో గమనించాలంటే ఈ కేసును ఒక లెక్కలా విప్పి చూడవచ్చు. హత్య జరిగిందనడానికి హతురాలు ఉండాలి. హతురాలు ‘గుంటూరు శాస్త్రి కూతురు’. గుంటూరు శాస్త్రి లేడు, అతనికి కూతురు లేదు. ఉన్నది ఒక మగపిల్లవాడు, ఆ పిల్లవాడు బతికే ఉన్నాడు. కాబట్టి లుబ్ధావధానులు నిర్దోషి. అయితే ఆ నిర్దోషిత్వాన్ని రుజువు చేయాలంటే కరటకశాస్త్రి, మహేశం చేసిన మోసం బయటపడాలి. అది బయటపడితే వాళ్లిద్దరూ చిక్కుల్లో పడతారు. బయటపెట్టకపోతే ఒక ముసలివాడు, ఎంత పిసినారి అయినా, చేయని హత్యకు శిక్ష అనుభవిస్తాడు. నవ్వులాటగా మొదలైన ఆడవేషం ఇంతదూరం వచ్చి న్యాయసమస్యగా మారడం సాధారణ ప్రహసనాల్లో కనిపించదు. ప్రహసనంలో వేషం విప్పగానే కథ చక్కబడుతుంది, ఇక్కడ వేషం విప్పాలా వద్దా అన్నదే కథను ముందుకు నడిపిస్తుంది.

ఇంకో చిన్న వింత కూడా ఉంది. లేని పిల్ల చనిపోయిందని ఊరు, ఠాణా, కోర్టు కదిలాయి. బతికున్న సుబ్బిని 1,800 రూపాయలకు అమ్మబోయినప్పుడు వీటిలో ఏదీ కదలలేదు.

మంచం కింద మగవాళ్లు

ఇక మూడవ రకపు తారుమారుకు వద్దాం. మధురవాణి మొదటి అంకంలోనే, ఏ మారువేషమూ లేకుండా, దీనిని చూపించేస్తుంది. విజయనగరంలో ఆమె ఇంటికి రామప్పంతులు వచ్చి ఉండగా గిరీశం తలుపు తడతాడు. పంతులు మంచం కింద దూరుతాడు. కాసేపటికి గిరీశం కోసం వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తుంది. గిరీశమూ మంచం కిందికే చేరతాడు. అగ్రహారంలో వ్యాజ్యాలు నడిపించే పెద్దమనిషి, ఇంగ్లీషు చదివిన సంస్కర్త, ఇద్దరూ ఒకే మంచం కింద. పైన ఇద్దరు స్త్రీలు, ఒకరు వేశ్య, ఒకరు వితంతువు. చీపురుదెబ్బలు పంతులుకు పడతాయి.

ఈ రంగంలో ఎవరూ ఎవరి దుస్తులూ వేసుకోలేదు. అయినా దాక్కోవడం, ఊపిరి బిగబట్టడం, ఇంట్లోవాళ్లు ఏమంటారోనని భయపడటం వంటివన్నీ మగవాళ్లకు వచ్చాయి. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని ఎంతసేపు మంచం కింద ఉంచాలో నిర్ణయించేది మధురవాణి. తర్వాత రామచంద్రపురంలోనూ అంతే. పంతులు ఆమెను ఉంచుకున్నానని అనుకుంటాడు. కంటె తెచ్చి ఇమ్మని ఆమె పట్టుబట్టినప్పుడు అతను పడే యాతన చూస్తే ఎవరు ఎవరిని ఉంచుకున్నారో తెలుస్తుంది.

అయితే ఈ అధికారానికి పునాది ఏమిటో కూడా చూడాలి. కులస్త్రీలు ఆస్తి, పేరు, ఇల్లు అన్నీ మగవాడి ద్వారానే పొందే వ్యవస్థలో వేశ్యకు సొంత ఇల్లు, సొంత సంపాదన, చదువు, సంగీతం ఉండేవి, బేరమాడే స్వేచ్ఛ ఉండేది. వెంకమ్మకు నూతిలో దూకడం తప్ప వేరే ఆయుధం లేదు. మధురవాణికి నాలుక ఉంది, ఇల్లు ఉంది. ఆ స్వేచ్ఛ ఉన్నది పెళ్లికి వెలుపల నిలబడినందుకే. అంటే మధురవాణి బలం స్త్రీలందరి బలం కాదు. ఈ తేడాను మరచి ఆమెను ఆధునిక స్త్రీకి ప్రతీకగా నిలబెట్టే వ్యాసాలు చాలా ఉన్నాయి. అవి వెంకమ్మను, బుచ్చమ్మను, లుబ్ధావధానులు కూతురు మీనాక్షిని పక్కకు నెట్టేస్తాయి.

మగవేషంలో మధురవాణి

చివరి అంకంలో విశాఖపట్నం. వకీలు సౌజన్యారావు పంతులు లుబ్ధావధానులును కాపాడాలని తంటాలు పడుతున్నాడు. నిజాయితీపరుడు, సంఘసంస్కర్త, యాంటీ నాచ్. అంటే వేశ్యల ఆటపాటలను, వారితో సంపర్కాన్ని పూర్తిగా బహిష్కరించాలన్న ఉద్యమానికి చెందినవాడు. కందుకూరి వీరేశలింగం వంటి వారి ప్రభావంతో పంతొమ్మిదో శతాబ్దం చివర కోస్తా పట్టణాల్లో చదువుకున్నవారిలో ఈ ఉద్యమం బలంగా ఉండేది. కేసు తేలడానికి కావలసిన నిజం మధురవాణి దగ్గర ఉంది. ఆమె చెప్పడానికి వస్తే ఆయన గుమ్మం తొక్కనివ్వడు. అందుకని మగవేషం వేసుకుని వస్తుంది.

మహేశం వేషం అబద్ధాన్ని అమ్మడానికి పనికొచ్చింది. మధురవాణి వేషం నిజం చెప్పడానికి అవసరమైంది. మగవాడి రూపంలో కూర్చున్నంతసేపూ సౌజన్యారావు ఆమెతో సాటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు, వాదిస్తాడు, వింటాడు. ఆమె తెలివి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారింది దుస్తులు మాత్రమే. ఒక మంచివాడి మంచితనానికి కూడా హద్దు ఎక్కడుందో కొలవడానికి గురజాడ ఈ వేషాన్ని కొలబద్దలా వాడుకున్నాడు.

ఆ తర్వాత బేరం. నిజం చెప్పడానికి ఆమె కోరిన ప్రతిఫలం ఒక ముద్దు. నాటకమంతా మగవాళ్లు స్త్రీలకు ధర కడతారు. ఇక్కడ ఒక స్త్రీ మగవాడి శీలానికి ధర కడుతుంది. నిరపరాధిని రక్షించడం గొప్పదా, తన వ్రతం నిలుపుకోవడం గొప్పదా అని సౌజన్యారావు తన్నుకులాడతాడు. ఇటువంటి ధర్మసంకటం మన కథల్లో సాధారణంగా స్త్రీ పాత్రలకు వస్తుంది: భర్తను కాపాడాలంటే శీలం, శీలం కాపాడుకోవాలంటే భర్త. దానిని ఒక వకీలు నెత్తిన పెట్టడమే ఈ నాటకంలోని అన్నింటికన్నా లోతైన తారుమారు అని నాకు అనిపిస్తుంది. ఆయన చివరకు ఒప్పుకున్నాక ఆమే వద్దంటుంది. చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాటను తలుచుకుంటుంది. పెళ్లికూతురు మగపిల్లవాడేనన్న రహస్యం బయటపడుతుంది, దానితోపాటు బుచ్చమ్మను లేవదీసుకుపోయిన గిరీశం బండారమూ బయటపడుతుంది.

రెండు వేషాలూ ఒకటి కావు

పైకి ఇవి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి: ఒకచోట మగ ఆడగా, ఒకచోట ఆడ మగగా. కానీ వేషం తీసేశాక ఏమవుతుందో చూస్తే పోలిక చెదిరిపోతుంది.

మహేశం చీర విప్పి పారిపోతే చాలు. నాలుగు రోజుల పెళ్లికూతురుతనం అతనికి అంటుకోదు. అతని మెడలో పడిన తాళి తాళి కాదు, ఆ పెళ్లి పెళ్లి కాదు, ముసలి వరుడు రేపు చనిపోయినా అతనికి వైధవ్యం రాదు. అదే పీట మీద సుబ్బి కూర్చుని ఉంటే ఆ మంత్రాలన్నీ జీవితాంతం చెల్లుతాయి. అదే తతంగం, అదే వరుడు, అదే పురోహితుడు. లోపలి దేహం ఏదన్న ఒక్క తేడాతో ఒకరికి అది ఆట, మరొకరికి యావజ్జీవ శిక్ష.

మధురవాణి సంగతి తిరుగుముఖం. ఆమె వేషం తీసేస్తే పోయేది ఆ కుర్చీలో కూర్చునే హక్కు. స్త్రీగా బయటపడ్డాక సౌజన్యారావు ఆమెను గౌరవిస్తాడు, భగవద్గీత ఇస్తాడు. గౌరవం నిజమైనదే. కానీ గీత ఇవ్వడంలో ‘నువ్వు మారాలి’ అన్న సూచన కూడా ఉంది. అప్పటిదాకా నాటకంలో అందరికన్నా ధర్మం తెలిసి ప్రవర్తించిన మనిషికి ధర్మగ్రంథం అవసరమైందన్నమాట. కొందరు దీనిని మధురవాణి ఉన్నతికి చిహ్నంగా చదువుతారు, కొందరు సంస్కర్త చూపులోని లోపంగా చదువుతారు. నాటక పాఠం రెంటికీ చోటిస్తుంది.

వేషం వేసిన నటుడి మాటేమిటి?

ఇప్పుడు రెండవ రకం. కన్యాశుల్కం మొదటి ప్రదర్శన 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు చేశారు. నేడు మనం చదివే నాటకం బాగా పెంచి రాసిన 1909 నాటి రెండవ కూర్పు. ఆ కాలంలో ఔత్సాహిక నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలను పురుషులు ధరించడమే రివాజు. కుటుంబాలే నాటక సమాజాలుగా తిరిగిన సురభివారి వంటి చోట్ల స్త్రీలు వేషాలు వేసేవారు. మిగతా చోట్ల ఆడవేషమంటే మగనటుడి విద్య. స్థానం నరసింహారావు ఆ విద్యను శిఖరానికి చేర్చాడు. సత్యభామ, రోషనార, చిత్రాంగి, మధురవాణి ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు; 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా అంతే ప్రసిద్ధుడు.

ఈ రివాజును ఆనాటి ప్రేక్షకుడు తిరుగుబాటుగా చూడలేదు. స్త్రీలను వేదిక ఎక్కనివ్వని కట్టుబాటుకు అది పర్యవసానం. కాబట్టి ‘మగవాళ్లు ఆడవేషాలు వేసేవారు, మన రంగస్థలం ఎంత స్వేచ్ఛగా ఉండేదో’ అనే మాట సగమే నిజం. ఆ నటుల కళ గొప్పది. ఆ కళకు అవకాశమిచ్చిన నిషేధం గొప్పది కాదు. నటుడు బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టింది ఈ కారణంతోనే.

అయినా ఈ రివాజు కన్యాశుల్కంలో ఒక వింతను సృష్టించింది. ఒకే రంగంలో మధురవాణి, ఆడవేషంలోని శిష్యుడు ఉన్నారనుకుందాం. ఇద్దరూ మగనటులే, ఇద్దరూ చీరలోనే ఉన్నారు. ఒకరిని ‘నిజమైన’ స్త్రీగా, ఇంకొకరిని ‘దొంగ’ స్త్రీగా ప్రేక్షకుడు ఒప్పుకోవాలి. అది సాధ్యం కావాలంటే శిష్యుడి నడకలో, చూపులో లోకానికి కనిపించని ఒక చిన్న పగులును నటుడు ప్రేక్షకులకు మాత్రమే చూపాలి. మధురవాణి నటుడిలో ఆ పగులు ఎక్కడా కనిపించకూడదు. చివరి అంకంలో మరో మడత: మగనటుడు స్త్రీగా నటిస్తూ, ఆ స్త్రీ మగవాడిగా నటిస్తున్నట్టు నటించాలి. మగవాడికి మగవాడిగా నటించడం తేలికే కదా అనిపిస్తుంది, కానీ తన సహజమైన నడక నడిస్తే పాత్ర పోతుంది. స్త్రీ అనుకరించే మగతనాన్ని అతను అనుకరించాలి.

షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లండులో కూడా ఇదే పరిస్థితి. 1660లో గానీ అక్కడి వృత్తి రంగస్థలం మీదికి స్త్రీలు రాలేదు, అంతకుముందు అబ్బాయిలే నాయికలు. ఆ నాయికల్లో కొందరు కథలో మగవేషం వేసేవారు. అక్కడి విమర్శలో సాగిన చర్చ మనకూ వర్తిస్తుంది: ఇన్ని పొరలు చూసిన ప్రేక్షకుడికి ఆడతనం, మగతనం రెండూ నేర్చుకునే నడవడికలేనన్న అనుమానం వస్తుందా, లేక ఆఖరున అందరూ తమ దుస్తుల్లోకి తిరిగి రావడంతో పాత వరస మరింత గట్టిపడుతుందా?

1955లో వచ్చిన సినిమాలో సావిత్రి మధురవాణి అయ్యాక మన చాలామంది ఊహలో ఆ పాత్ర స్త్రీ గొంతుతోనే స్థిరపడింది. దానితో నటుడి వేషమనే పొర రాలిపోయింది. ఒక నష్టం జరిగింది, ఒక లాభమూ కలిగింది. పొరల మీద పొరల చమత్కారం పోయింది. స్త్రీ అయినందుకు గుమ్మంలోనే ఆగిపోవలసిన మనిషి అవమానం సూటిగా కనిపించడం మొదలైంది.

ఎవరి వాదం ఎంతదూరం నిలుస్తుంది

ఈ నాటకం జెండర్ కట్టుబాట్లను ధిక్కరించిందనేవారికి బలమైన ఆధారాలున్నాయి. పెళ్లికూతురు అనే స్థానం ఖాళీ స్థానమని మహేశం వేషం తేల్చింది. తెలివి, ధైర్యం, న్యాయబుద్ధి మగవాళ్ల సొత్తు కాదని మధురవాణి తేల్చింది. నాటకం మొత్తంలో పరువు నిలుపుకున్న మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి ఎదురు వాదం తక్కువదేమీ కాదు. రక్షింపబడవలసిన సుబ్బి నాటకంలో దాదాపు నోరు విప్పదు. ఆమె కష్టాన్ని ఆమె స్థానంలో కూర్చున్న మగపిల్లవాడు హాస్యంగా మార్చి అనుభవించి వెళ్లిపోయాడు. బుచ్చమ్మను ఒకసారి గిరీశం లేవదీసుకుపోతాడు, మరోసారి సౌజన్యారావు పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. రెండుసార్లూ ఆమె దారి మగవాళ్లే నిర్ణయించారు. వేషాలు తిరగబడ్డాయి గానీ నిర్ణయాలు తిరగబడలేదని ఈ వాదం సారాంశం.

మూడో వైపునుంచి ఇంకొక అభ్యంతరం ఉంది. ఈ నాటకాన్ని సంస్కరణోద్యమపు ప్రచారంగా చదవడమే తప్పని, వలస పాలన తెచ్చిన సంస్కర్తల భాషను గురజాడ నమ్మకంతో కాక అనుమానంతో చూశాడని కన్యాశుల్కాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన వెల్చేరు నారాయణరావు వాదించాడు. ఆ దారిన చూస్తే మధురవాణి రేపటి స్త్రీ కాదు. సంస్కర్తలు తుడిచిపెట్టాలనుకున్న పాత ప్రపంచంలో పుట్టిన, ఆ ప్రపంచపు నేర్పులన్నీ వంటబట్టిన మనిషి. ఆమె మగవేషం వేయవలసి రావడానికి కారణం పాత ఆచారం కాదు, కొత్త నీతి. వేశ్యను గుమ్మంలోనే ఆపాలన్న నియమం రామప్పంతులుది కాదు, సౌజన్యారావుది.

ఈ మూడో వాదాన్ని పూర్తిగా ఒప్పుకోనవసరం లేదు; ఏడాది పిల్లల ధరలను లెక్కగట్టి పీఠికలో అచ్చువేసిన రచయితకు సంస్కరణ మీద పట్టింపు లేదనడం కష్టం. కానీ మగవేషం విషయంలో అది చెప్పిన మాట తిరుగులేనిది. రెండవ వాదంలోని అభ్యంతరం కూడా నాటకాన్ని తక్కువ చేయదు. సుబ్బి మౌనం గురజాడకు తట్టని లోపమని తీర్పు చెప్పే ముందు ఒకటి ఆలోచించాలి: అంత చిన్నపిల్లకు ఆ వ్యవహారంలో నోరుందని చూపిస్తే అది ఆనాటి వాస్తవమయ్యేది కాదు.

మిగిలిన చిక్కు దర్శకులది. మహేశం పాత్రను గొంతు మారని అబ్బాయికి ఇస్తే వేషం నమ్మదగినదిగా ఉంటుంది, నవ్వు కొన్నవాళ్ల మీదికి పోతుంది. మీసాలొచ్చిన నటుడికి ఇచ్చి కొంగు జార్పిస్తే చప్పట్లు ఎక్కువ పడతాయి, కానీ నవ్వు చీర మీదికి తిరిగి వస్తుంది, లుబ్ధావధానులు వట్టి గుడ్డివాడుగా మిగులుతాడు. అమ్మాయికి ఇస్తే పీటల మీద కూర్చున్న క్షణంలో ప్రేక్షకుడికి మహేశం కాక సుబ్బి కనిపించే వీలుంది. ఆమె చీర విప్పి పారిపోయే రంగాన్ని ఎలా చూపిస్తారన్నది వేరే సమస్య, దానికి గురజాడ పాఠంలో సమాధానం దొరకదు, ఆ దర్శకుడే వెతుక్కోవాలి.